ఈ క్రిమి ఇక్కడ ఉండవలసినదేనా?



ఈ పూట ప్రసంగం ముఖ్యంగా ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న పిల్లల కోసం. డి.ఎం.ఎల్.టి. కావచ్చు, బి.ఎస్సీ. ఎం.ఎల్.టి. కావచ్చు, ఈ ఏడాదే మైక్రోబయాలజీ పుస్తకం తెరిచినవాళ్ల కోసం. మిగిలినవాళ్లు కూడా వినండి. ఎప్పుడో ఒకప్పుడు మీ చేతికీ ఒక చిన్న డబ్బా ఇచ్చి, "ఇందులో మూత్రం పట్టి తీసుకురండి" అంటారు. ఆ డబ్బా ల్యాబు కిటికీ దాటి లోపలికి వెళ్లాక ఏం జరుగుతుందో తెలుసుకుంటే మీకే మేలు.

పిల్లలూ, మైక్రోబయాలజీ అంటే మీలో చాలామందికి భయం. ఆ భయం పేర్ల వల్ల. స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్, సూడోమోనాస్, క్లెబ్సియెల్లా. నోరు తిరగవు, గుర్తుండవు. ఈ పూట నేను ఆ పేర్ల జోలికి ఎక్కువగా వెళ్లను. మీకు ఒకే ఒక్క ప్రశ్న ఇస్తాను. దాన్ని పట్టుకుంటే మిగిలిన పాఠమంతా దాని వెనకే వస్తుంది. ఆ ప్రశ్న ఇది. ఈ క్రిమి ఇక్కడ ఉండవలసినదేనా?

మళ్లీ చెబుతాను. ఈ క్రిమి, ఇక్కడ, ఉండవలసినదేనా?

ఎందుకు అడగాలి ఈ ప్రశ్న? ఈ-కోలై అనే బ్యాక్టీరియా గురించి వినే ఉంటారు. అది మన పెద్దపేగులో ఉంటుంది. మీలో ఉంది, నాలో ఉంది. అక్కడ ఉన్నంతకాలం సాధారణంగా దానితో మనకు పేచీ లేదు. అదే ఈ-కోలై మూత్రాశయంలో చేరితే మంట, అక్కడి నుంచి కిడ్నీల దాకా పాకితే చలిజ్వరం, నడుంనొప్పి. రక్తంలోకి వెళ్లిందంటే ప్రాణం మీదికి వస్తుంది. క్రిమి అదే, పేరూ అదే. చోటు మాత్రం మారింది.

మన చర్మం మీద, ముక్కులో, నోట్లో, గొంతులో, పేగుల్లో కోట్లాది క్రిములు ఉంటాయి. అక్కడ కనబడితే ఆశ్చర్యం లేదు. కానీ రక్తంలో ఉండకూడదు. వెన్నులోంచి తీసే నీటిలో ఉండకూడదు. కీళ్ల మధ్య నీటిలో ఉండకూడదు. అక్కడ ఒక్క క్రిమి పెరిగినా దాన్ని తేలిగ్గా వదలకూడదు. కాబట్టి మీ చేతికి శాంపిల్ రాగానే మొదట చూడవలసింది లోపల ఏముందని కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందని. డబ్బా మీద రాసిన కాగితం చదవండి. పేరు, వయసు, ఏ భాగం నుంచి తీశారు, ఎన్ని గంటలకు తీశారు, అప్పటికే మందులు మొదలయ్యాయా. ఆ కాగితం చదవకుండా మూత తీయకండి.

మూత్రంతోనే మొదలుపెడదాం. క్రిముల్ని పెంచి చూసే పరీక్షే కల్చర్. ఏ ల్యాబులో చూసినా కల్చర్‌కి ఎక్కువగా వచ్చేవాటిలో అదొకటి. మూత్రనాళం చివర, బయటి చర్మం మీద సహజంగానే క్రిములుంటాయి. మొదట వచ్చే ధార వాటిని కడుక్కుని వస్తుంది. అందుకే శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధారను డబ్బాలో పట్టమంటాం. ఈ మాట రోగికి ఎవరు చెప్పాలి? మీరే చెప్పాలి. డబ్బా చేతిలో పెట్టి "రేపు తెండి" అనేస్తే సరిపోదు. ఎదుట ఉన్నది పొలం పనికి వెళ్లే తల్లి కావచ్చు, చదువు రాని ముసలాయన కావచ్చు. ఆ ఒక్క నిమిషం ఆగి, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. కల్చర్ పరీక్ష నిజానికి అక్కడే మొదలవుతుంది, ఇంక్యుబేటర్‌లో కాదు.

ఇక సమయం సంగతి. ఈ-కోలైకి తిండి, వెచ్చదనం బాగా కుదిరితే ఇరవై నిమిషాలకొకసారి ఒకటి రెండవుతుంది. గంటలో మూడుసార్లు. రెండు గంటల్లో ఆరుసార్లు. అంటే ఒక్క క్రిమి అరవై నాలుగవుతుంది. గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ తోడు వేస్తే తెల్లారేసరికి గిన్నెడు పెరుగు తోడుకుంటుంది కదా. బల్ల మీద వదిలేసిన మూత్రం డబ్బాలో జరిగేదీ అలాంటిదే. అందులోనూ మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో, ఫ్యాను తిరగని గదిలో ఆ డబ్బా మధ్యాహ్నం దాకా ఉందనుకోండి. చర్మం మీది నాలుగు క్రిములు కూడా లక్షలవుతాయి. మర్నాడు క్రిముల్ని పెంచే ప్లేటు నిండా కాలనీలు, అంటే క్రిముల గుంపులు. రోగికి మాత్రం ఇన్ఫెక్షన్ ఉండదు.

అందుకని, మూత్రం పట్టిన రెండు గంటల లోపు ప్లేటు మీద వేయాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో, నాలుగు డిగ్రీల దగ్గర పెట్టాలి. అలా పెడితే ఒక రోజు దాకా ఫరవాలేదు. కానీ జాగ్రత్త. మూత్రానికి చెప్పిన మాట అన్నిటికీ పనికిరాదు. వెన్నునీటిని కల్చర్‌కి పంపేటప్పుడు ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మెదడు పొరల వాపు తెచ్చే కొన్ని క్రిములు చలికి చచ్చిపోతాయి. రక్తం కల్చర్ సీసాలు కూడా ఫ్రిజ్‌లోకి వెళ్లకూడదు. మూత్రం ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, వెన్నునీరు పెట్టకూడదు, రక్తం సీసా పెట్టకూడదు. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి.

మూత్రం కల్చర్ రిపోర్టులో లక్ష అనే అంకె తరచుగా కనిపిస్తుంది. దీని వెనక అమెరికాలో ఎడ్వర్డ్ కాస్ అనే వైద్యుడు 1950లలో చేసిన పని ఉంది. నిజంగా ఇన్ఫెక్షన్ ఉన్నవారి మూత్రంలో మిల్లీలీటరుకు లక్ష, అంతకు మించి క్రిములు ఉంటాయనీ, బయటి నుంచి కలిసినవైతే సాధారణంగా అంతకంటే బాగా తక్కువ ఉంటాయనీ ఆయన చూపించారు. మరి లక్ష క్రిముల్ని లెక్కపెట్టేదెలా? మన లూప్, అంటే శాంపిల్ తీసుకునే తీగ ఉంగరం, ఒక మిల్లీలీటరులో వెయ్యోవంతు పడుతుంది. ఆ లూప్‌తో ప్లేటు మీద పరిస్తే వంద కాలనీలు వచ్చాయంటే, వంద వేలు, అంటే లక్ష. అంత సులువు. అయితే లక్ష అన్నది గీత గీసినట్టు చూడకూడదు. మూత్రంలో మంట, జ్వరం ఉన్న మనిషిలో తక్కువ లెక్క కూడా నిజం కావచ్చు. అప్పటికే యాంటీబయాటిక్ మింగి వచ్చినవారిలోనూ అంతే. ఇక ఒకే ప్లేటు మీద మూడు నాలుగు రకాల కాలనీలు కలగలిసి కనిపిస్తే, చాలావరకు అది పట్టడంలో జరిగిన పొరపాటే. మళ్లీ శాంపిల్ పంపమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

కళ్లె సంగతీ అంతే. ఊపిరితిత్తుల్లోంచి వచ్చే కళ్లె కావాలి మనకు. నోట్లో ఊరే ఉమ్మి కాదు. రెండూ డబ్బాలో పడ్డాక పైకి ఒకలాగే ఉండవచ్చు. తేడా మైక్రోస్కోపు చెబుతుంది. తక్కువ పవర్‌లో చూడండి. వెడల్పుగా, పలకల్లా ఉన్న కణాలు కనిపిస్తే అవి బుగ్గ లోపలి పొరవి. ఒక్కో చూపులో అవి పదికి మించి ఉంటే అది ఉమ్మి. చీము కణాలు ఇరవై అయిదుకు పైగా ఉండి, పలకల కణాలు తక్కువగా ఉంటే అది కళ్లె. ఉమ్మిని కల్చర్ చేస్తే నోటిలోని క్రిములు పెరుగుతాయి. అవి అక్కడ ఉండవలసినవే కదా! వాటి పేర్లు రిపోర్టులో రాసి పంపితే, డాక్టరు వాటికి మందు రాస్తారు. కాబట్టి రోగికి చెప్పండి. పొద్దున్నే నీళ్లతో నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీయమని చెప్పండి.

ఇప్పుడు స్లయిడ్ దగ్గరికి వద్దాం.

1884. బెర్లిన్ నగరం. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ దేశపు యువ వైద్యుడు అక్కడ ఒక ఆసుపత్రి శవాగారంలో పనిచేస్తున్నాడు. న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల్ని పలచని పొరలుగా కోసి, రంగు వేసి చూస్తున్నాడు. చిక్కేమిటంటే, రంగు క్రిములకూ పట్టేది, చుట్టూ ఉన్న కణాలకూ పట్టేది. ఏది ఏదో తెలిసేది కాదు. ఆయన ఊదారంగు వేసి, పైన అయోడిన్ పోసి, తర్వాత ఆల్కహాల్‌తో కడిగాడు. కణాల రంగు దిగిపోయింది. క్రిముల రంగు నిలిచింది. కానీ అన్ని క్రిముల రంగూ నిలవలేదు. కొన్నిటిది దిగిపోయింది. తన పద్ధతిలో ఇంకా లోపాలున్నాయని ఆయనే రాశాడు. ఇవాళ మనకు అక్కరకొచ్చేది రంగు నిలిచిందా, దిగిపోయిందా అనే ఆ తేడాయే.

రంగు నిలుపుకున్నవి గ్రామ్ పాజిటివ్. ఊదాగా కనిపిస్తాయి. రంగు వదిలేసినవి గ్రామ్ నెగటివ్. వాటికి తర్వాత సాఫ్రనిన్ వేస్తాం గనక గులాబీ రంగులో కనిపిస్తాయి. తేడా వాటి గోడలో ఉంది. గ్రామ్ పాజిటివ్ క్రిమి గోడ మందం. ఊదారంగు, అయోడిన్ కలిసి లోపల చిక్కుకుని బయటికి రావు. గ్రామ్ నెగటివ్ గోడ పలచన. దాని పైన కొవ్వు ఉన్న మరో పొర ఉంటుంది. ఆల్కహాల్ ఆ పొరను చెడగొట్టగానే రంగు బయటికి వచ్చేస్తుంది.

వరస మళ్లీ చెబుతాను, నాతోపాటు అనుకోండి. క్రిస్టల్ వయొలెట్. అయోడిన్. ఆల్కహాల్. సాఫ్రనిన్. ఈ నాలుగింటిలో మీ చెయ్యి తెలిసేది మూడోదాని దగ్గర. ఆల్కహాల్ కొన్ని క్షణాలే ఉండాలి. ఎక్కువసేపు ఉంటే ఊదాగా ఉండవలసినవి కూడా గులాబీ అయిపోతాయి. తక్కువసేపు ఉంటే గులాబీవి ఊదాగానే మిగిలిపోతాయి. స్మియర్ మందంగా పరిచినా అంతే, ఎక్కడో ఊదా, ఎక్కడో గులాబీ. అందుకే రోగి స్లయిడ్‌తోపాటు, పేరు తెలిసిన రెండు క్రిముల స్లయిడ్ కూడా పక్కన వేసి చూసుకోండి. స్టాఫిలోకాకస్ ఊదాగా రావాలి, ఈ-కోలై గులాబీగా రావాలి. అవి సరిగ్గా రాకపోతే రోగి స్లయిడ్ చదవకండి. మళ్లీ వేయండి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? ఒక పసిబిడ్డకు తీవ్రమైన జ్వరం. వాంతులు, మూర్ఛ. వెన్నునీరు తీసి మీ దగ్గరికి పంపారు. అది మామూలుగా తేటగా ఉండాలి, మబ్బుగా ఉంది. కల్చర్ పెరగాలంటే కనీసం రేపటి దాకా ఆగాలి. బిడ్డ ఆగలేదు. గ్రామ్ స్లయిడ్ అరగంటలో చదవవచ్చు. జంటలు జంటలుగా, ఊదాగా, కొనలు సన్నగా ఉన్న క్రిములు కనిపించాయంటే న్యుమోకాకస్ అనే అనుమానం. చీము కణాల లోపల గులాబీ రంగు జంటలు ఉంటే మెనింగోకాకస్ అనే అనుమానం. డాక్టరు అప్పటికే మందు మొదలుపెట్టి ఉంటారు. దాన్ని సరిదిద్దుకోవడానికి మీ మాట ఆసరా. వెన్నునీటిలో ఏ క్రిమీ ఉండకూడదు. కాబట్టి ఇక్కడ మన ప్రశ్నకు జవాబు వెంటనే దొరుకుతుంది.

స్లయిడ్ తర్వాత ప్లేటు. ఈ ప్లేటులో గట్టిగా పేరుకుని ఉండే పదార్థం అగర్. సముద్రపు నాచు నుంచి తీస్తారు. కిరాణా కొట్లో చైనా గ్రాస్ పేరుతో అమ్మేది ఇదే. దీన్ని ప్రయోగశాలకు తెచ్చింది ఒక గృహిణి. రాబర్ట్ కాఖ్ అనే శాస్త్రవేత్త దగ్గర పనిచేసిన వాల్టర్ హెస్సె భార్య, ఫానీ హెస్సె. అప్పట్లో క్రిముల్ని జిలటిన్ మీద పెంచేవారు. ముప్ఫై ఏడు డిగ్రీల వెచ్చదనానికి జిలటిన్ కరిగిపోయేది. కొన్ని క్రిములైతే దాన్ని తినేసి నీరు చేసేవి. 1881లో భర్త ఈ బాధ చెప్పుకుంటే, ఎండాకాలంలోనూ కరగని తన జెల్లీల కిటుకు ఆమె చెప్పింది. అగర్ వాడమంది. మరుసటి ఏడాది, 1882లో, కాఖ్ క్షయ క్రిమిని లోకానికి ప్రకటించిన వ్యాసంలో అగర్ ప్రస్తావన ఉంది. ఆమె పేరు లేదు. జూలియస్ పెట్రి అనే ఆయన 1887లో ఆ అగర్‌కి మూత ఉన్న గాజుపళ్లెం కుదిర్చాడు. ఆయన పేరు మాత్రం రోజూ తలుచుకుంటాం. ఇకమీదట పెట్రి ప్లేటు పట్టుకున్నప్పుడల్లా ఫానీ హెస్సెను కూడా తలుచుకోండి. అది న్యాయం.

ప్లేటు మీద గీతలు గీసేటప్పుడు తొందరపడకండి. లూప్‌ని మంటలో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, అప్పుడు గీయండి. ఒక వైపు గీశాక మళ్లీ కాల్చండి. గీత గీతకూ క్రిములు పలచబడి, చివరి గీతలో విడివిడిగా కాలనీలు రావాలి. విడి కాలనీ దొరికితేనే క్రిమిని గుర్తించగలం. మెకాంకీ అగర్ అనే మీడియం ఉంది. అందులో లాక్టోజ్ అనే పాల చక్కెర ఉంటుంది. దాన్ని వాడుకోగల ఈ-కోలై గులాబీ కాలనీలుగా వస్తుంది. వాడుకోలేని టైఫాయిడ్ క్రిమి రంగు లేకుండా వస్తుంది. రక్తం కలిపిన అగర్ మీద కొన్ని క్రిములు తమ చుట్టూ రక్తకణాల్ని పగలగొట్టి తేటగా వలయం చేస్తాయి. ప్లేటును కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని, తిప్పి తిప్పి చూడండి. మీ కంటికి ఆ అలవాటు పడాలి.

టైఫాయిడ్ మాట వచ్చింది గనక ఒకటి చెప్పాలి. టైఫాయిడ్ క్రిమి విషయంలో మన ప్రశ్నకు ఎప్పుడూ ఒకటే జవాబు. అది ఎక్కడ కనబడినా ఉండకూడనిదే. కలరా క్రిమి కూడా అంతే. క్షయ క్రిమీ అంతే. అలాంటి క్రిమిని పట్టుకునే అవకాశం ఉండగా, మన ఊళ్లలో జ్వరం వచ్చిన మూడో రోజునే వైడాల్ పరీక్ష చేసి "టైఫాయిడ్" అని తేల్చేయడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. వైడాల్ క్రిమిని చూపించదు. క్రిమి మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీల్ని చూపిస్తుంది. అవి రెండో వారానికి గానీ సరిగ్గా పెరగవు. పైగా పాత జ్వరం వల్ల, టీకా వల్ల, వేరే క్రిముల వల్ల కూడా ఉండవచ్చు. మొదటి వారంలో, యాంటీబయాటిక్ వేయకముందు రక్తం కల్చర్‌కి తీస్తే క్రిమి దొరికే అవకాశం ఎక్కువ. మళ్లీ అంటాను. మొదటి వారంలో, మందు వేయకముందు, రక్తం కల్చర్.

ఆ రక్తం తీయడంలో కూడా జాగ్రత్త కావాలి. చర్మాన్ని మందుతో శుభ్రం చేసి, ఆ మందు ఆరేదాకా ఆగండి. ఆరాక ఆ చోటును వేలితో మళ్లీ తడమకండి. పెద్దవాళ్లకైతే సీసాకు ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్ల రక్తం కావాలి. రక్తంలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి. రెండు చుక్కలు వేస్తే దొరకవు. రెండు చేతుల నుంచి, విడివిడిగా తీయడం మంచిది. ఎందుకంటే చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ సూదితోపాటు సీసాలోకి దిగవచ్చు. ఒక చేతి రక్తంలోనే పెరిగి, రెండో దానిలో పెరగకపోతే, అది చర్మం నుంచి వచ్చిందని అనుమానించాలి. రెండింటిలోనూ పెరిగిందా, అందులోనూ ఆ మనిషికి గుండెలో కృత్రిమ కవాటం ఉందా, అప్పుడు అదే క్రిమి నిజమైన శత్రువు కావచ్చు. ఈ తీర్పు మీరు ఒక్కరే ఇవ్వరు. మైక్రోబయాలజిస్టు, వార్డు డాక్టరు కలిసి ఇస్తారు. కానీ రెండు చేతుల నుంచి తీయకపోతే తీర్పు ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

ఇక చివరిగా మందుల పరీక్ష. ముల్లర్ హింటన్ అగర్ ప్లేటు మీద క్రిమిని సమంగా పరిచి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. మర్నాటికి, మందు పనిచేసినచోట బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం వస్తుంది. స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తాం. ఇక్కడ కొత్తవాళ్లకు ఒక అపోహ. వలయం పెద్దదైతే మందు గొప్పదనుకుంటారు. కాదు. ఒక్కో మందు అగర్‌లో ఒక్కో వేగంతో పాకుతుంది. ఏ మందు వలయాన్ని ఆ మందు పట్టికతోనే పోల్చాలి.

ఆ బిళ్లల్లో ఒకదాని మీద టి.ఇ. అని ఉంటుంది. టెట్రాసైక్లిన్. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థ నుంచి వచ్చింది. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసినవాడు బెంజమిన్ డగ్గర్. ఆ సంస్థ పరిశోధనలన్నిటికీ అప్పుడు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన ఆ ఏడాదే కన్నుమూశారు. అలాంటి మందులు ఇవాళ అనేక క్రిముల మీద పనిచేయడం మానేశాయి. అక్కర్లేనిచోట వాడటం అందుకు ఒక పెద్ద కారణం. అక్కర్లేనిచోట వాడటానికి మన రిపోర్టు కూడా దోహదం చేయగలదు. ఉమ్మిలో పెరిగిన నోటి క్రిమికి, చర్మం నుంచి కలిసిన క్రిమికి మందుల పరీక్ష చేసి, ఫలానా మందులు పనిచేస్తాయని పట్టీ రాసి పంపితే, చదివినవారు ఆ మందు వేస్తారు. అందుకని బిళ్లలు పెట్టే ముందు మన ప్రశ్నను మరొక్కసారి అడగండి. ఈ క్రిమి ఇక్కడ ఉండవలసినదేనా? ఉండవలసినదే అయితే బిళ్లల డబ్బా తెరవకండి.

మీ ఆరోగ్యం గురించి క్లుప్తంగా రెండు మాటలు. నోటితో పిపెట్ పీల్చకండి, ఎంత పాత పద్ధతి అయినా సరే. చూసిన ప్లేట్లను ఆటోక్లేవ్ చేయకుండా చెత్తలోకి పంపకండి. నూట ఇరవై ఒక్క డిగ్రీల ఆవిరిలో ఉడికాకే అవి గది దాటాలి.

రాత్రి డ్యూటీలో ఉండగా, సీసాలో క్రిమి పెరిగిందని రక్తం కల్చర్ మిషన్ మోగిందనుకోండి. సీసా తీసి, గ్రామ్ స్లయిడ్ వేసి, ఏం కనిపించిందో డ్యూటీ మైక్రోబయాలజిస్టుకు చూపించి, వెంటనే వార్డుకు ఫోన్ చేయండి. తెల్లారాక చెబుదామని ఆగకండి. "గులాబీ రంగు కడ్డీల్లాంటి క్రిములు కనిపించాయి, రెండు చేతుల సీసాల్లోనూ ఉన్నాయి" అని చెప్పి, విన్నవారిని ఆ మాట తిరిగి చెప్పమనండి. ఎవరికి చెప్పారో, ఎన్ని గంటలకు చెప్పారో రిజిస్టరులో రాయండి. తర్వాత అదే సీసా నుంచి ప్లేట్లు వేసి ఇంక్యుబేటర్‌లో పెట్టండి.